పదో నిబంధన

8 జనవరి 2024, సోమవారం

ఈ ఏడాది కూడా రోబో సుమో నిబంధనలు నన్నే రాయమన్నారు ప్రిన్సిపాల్ దశరథ్ సార్. రిఫరీ కూడా నేనే. నాకు వద్దన్నాను. "ఎలక్ట్రానిక్స్‌ల మీరు గాక ఇంకెవలున్నరమ్మా? విజేందర్‌ను తోడిస్త" అన్నారు.

పక్కనే ఉన్న విజేందర్ సార్ నవ్వాడు. "పోయినేడు లెక్క కాకుంట చూసుకుందాం మేడం."

ఆ మాట నవ్వుతూ ఎలా అంటారు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ బడిపిల్లలకు మా కాలేజీ పెట్టే పోటీ ఇది. పోయినేడు గెలిచింది నాగార్జునసాగర్ డ్యాం దగ్గరి నందికొండ బడి. ఆ జట్టును తయారు చేసింది అక్కడ సైన్సు చెప్పే మా తమ్ముడు ముస్తకీమ్. విజిల్ ఊదింది నేను. మర్నాడు కాలేజీ గ్రూపులో ఎవరో పెట్టారు: "విజిల్ అక్కది, కప్పు తమ్మునిది." తర్వాత తీసేశారు. నేను చదివాకే తీసేశారు.

నేను ఏ తప్పూ చేయలేదు. వాడు చేశాడా? అది నాకు తెలియదు. చిన్నప్పుడు క్యారమ్స్ ఆడుతూ నేను మంచినీళ్లకు లేస్తే చాలు, తిరిగొచ్చేసరికి ఎర్రది వాడి వైపు జరిగి ఉండేది.

11 జనవరి

నిబంధనలు సగం అయ్యాయి. బరి గుండ్రంగా, నల్లగా ఉండాలి, అంచున తెల్ల గీత. బరిలో రెండు రోబోలు. బటన్ నొక్కాక అయిదు సెకన్లు కదలకూడదు. ఆ తర్వాత వాటి బుద్ధి వాటిదే. మనిషి ముట్టకూడదు, దూరం నుంచి నడిపించకూడదు. అవతలిదాన్ని గీత దాటేలా తోసిన రోబో గెలిచినట్టు. చక్రాలకు జిగురు పూయకూడదు. కాగితం మీద పెట్టి ఎత్తితే కాగితం వెంట రాకూడదు.

పదోది కొత్తగా పెట్టాను. ప్రతి రోబోకూ మేమిచ్చే రిసీవర్ బిగించాలి. రిఫరీ రిమోట్ నొక్కితే ఏ రోబో అయినా ఉన్నచోటే ఆగిపోవాలి. పోయినేడు ఒకటి బరి దూకి ఒక పిల్లవాడి కాలు గీరింది కాబట్టి భద్రత కోసం అని రాశాను. రిసీవర్ బిగించాలంటే రోబోను మా ముందు విప్పాల్సి వస్తుంది. అదీ మంచిదే.

ఇంట్లో పాత టీవీ పాడైపోయినా రిమోట్ మిగిలింది. దాని సౌండ్ తగ్గించే బటన్ నొక్కితే రిసీవర్లు ఆగేలా ప్రోగ్రాం రాశాను. కొత్త రిమోట్ అడిగితే కాలేజీ వాళ్లు తెచ్చేసరికి పోటీ అయిపోతుంది.

16 జనవరి

ముస్తకీమ్ ఫోను.

"ఆపా, రూల్స్ చదివిన. పదోది మంచిగుంది. గా రిసీవర్ మీద నల్ల గొట్టం తొడగొచ్చా?"

"ఎందుకు?"

"మీ హాలుకు పడమటి కిటికీలున్నయ్ గదా. ఎండ పడితే రిసీవర్ పిచ్చిపిచ్చిగ చేస్తది. గొట్టం మీదికి చూసేటట్టు పెడత. నువ్వు పైనుంచి నొక్కితే ఆగుతది."

"రూల్స్‌ల లేనిది అడగకు."

"లేదు కాబట్టే అడుగుతున్న ఆపా."

ఇన్ని జట్లున్నాయి. పదో నిబంధన గురించి ఎవరూ అడగలేదు. వాడొక్కడే అడిగాడు. దాన్ని అంత పట్టి పట్టి ఎందుకు చదివాడు?

21 జనవరి, ఆదివారం

చెప్పకుండా నందికొండ వెళ్లాను. రిసీవర్ ఇవ్వడానికి వచ్చానన్నాను. కొరియర్‌లో పంపితే సరిపోయేది. అది వాడూ అనుకునే ఉంటాడు.

బడి వరండాలో సాధన జరుగుతోంది. ఇద్దరు ఆడపిల్లలు, వర్షిత, సమీరా. తొమ్మిదో తరగతి. వాళ్ల రోబో పేరు మొసలి. డ్యాం దగ్గర పెరిగిన పిల్లలు, వేరే పేరు ఎందుకు పెడతారు. నేలకు కరుచుకుని పలకలా ఉంటుంది. మిగతా రోబోల్లా మీదికి ఉరకదు. ఊరికే కూర్చుంటుంది. అవతలిది దగ్గరికి వచ్చేదాకా చూసి, చివరి క్షణంలో దాని కిందికి దూరి ఎత్తేస్తుంది. ఏ క్షణమో దానికెలా తెలుస్తోంది? మనిషి చూసి నొక్కినట్టే ఉంది.

వర్షిత ఎడమ చెయ్యి స్వెట్టర్ జేబులోనే ఉంది. నేనున్నంతసేపూ తీయలేదు. స్క్రూ బిగించేటప్పుడు కూడా సమీరాను పట్టుకోమంది గానీ చెయ్యి తీయలేదు.

"ప్రోగ్రాం చూపెట్టు" అన్నాను తమ్ముడితో.

"అందరివీ చూస్తున్నవా ఆపా?"

సంచిలోంచి రిసీవర్ తీసి వాడి చేతిలో పెట్టాను.

"చూస్తే చూపెడత. మాది ఒక్కటే అయితే చూపెట్ట."

అందరివీ చూడలేదు నిజమే. అది వేరే సంగతి. దాచడానికి ఏమీ లేనివాడు చూపించవచ్చు కదా. చాయ్ తాగమన్నాడు. బస్సుకు ఆలస్యమవుతుందని వచ్చేశాను. స్టాపులో చాలాసేపు నిలబడ్డాను.

22 జనవరి

జేబులో ఏముంది?

2 ఫిబ్రవరి

ఇంకో రెండు నిబంధనలు చేర్చాను. ఆట నడుస్తున్నంతసేపూ ఆడేవాళ్లు రెండు చేతులూ బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. తయారు చేసిన టీచర్లు హాలు బయట ఉండాలి. అందరికీ ఒకటే నిబంధన, నేనెవరినీ వేరు చేయలేదు.

విజేందర్ సార్ చదివి మెచ్చుకున్నాడు. "గిప్పుడు ఎవల నోరూ లేవది మేడం."

ఇంట్లో అమ్మీకి చదివి వినిపించాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ విని, "గివన్నీ ముస్తకీమ్ ఒక్కని కోసమే రాసినవా బేటీ?" అంది.

అమ్మీకి ఎప్పుడూ వాడి మీదే మమకారం.

9 ఫిబ్రవరి, శుక్రవారం

తనిఖీ. బరువు, కొలత, కాగితం పరీక్ష. మొసలి అన్నింట్లోనూ నిలిచింది. రిసీవర్ చుట్టూ నల్ల అట్టగొట్టం నిటారుగా నిలబెట్టి ఉంది. పైనుంచి రిమోట్ నొక్కితే ఠక్కున ఆగింది. పక్క నుంచి నొక్కితే ఆగలేదు.

"పక్క నుంచి ఎందుకు ఆగుతలేదు?" అన్నాను.

"ఎండ పక్క నుంచే వస్తది గదా మేడం" అంది వర్షిత.

ఎక్కడి నుంచి నొక్కితే ఆగాలో పదో నిబంధనలో రాయలేదు. రాయాల్సింది. వదిలేశాను. ముందు ముందు ఎవరైనా అడిగితే నేను ఆక్షేపించానని విజేందర్ సార్ సాక్ష్యం చెప్పగలడు.

10 ఫిబ్రవరి, శనివారం

ఉన్నదున్నట్టు రాసుకోవాలి. రేపు ఎవరేమన్నా నా దగ్గర ఉండాలి.

హాలు నిండిపోయింది. వెనక కూర్చున్నవాళ్లకు కనబడదని బరికి ఎదురుగా గోడకు పెద్ద టీవీ పెట్టించారు ప్రిన్సిపాల్ సార్. కెమెరా, మైకు, వ్యాఖ్యానం అన్నీ ఆ టీవీలోంచే, పెద్ద హంగామా. సార్ ముందు వరసలో సోఫాలో కూర్చున్నారు. పడమటి కిటికీ అవతల ముస్తకీమ్. బయట ఉండమన్నాను, బయటే ఉన్నాడు. కానీ సరిగ్గా ఆ కిటికీ దగ్గరే ఎందుకు?

మొసలి మొదటి ఆట. ఎంతకూ తెమలదు. కూర్చుంటుంది, జరుగుతుంది, మళ్లీ కూర్చుంటుంది. హాస్టల్ ఆడపిల్లలంతా "మొసలీ, మొసలీ" అని హాలు ఎగిరిపోయేలా అరుస్తున్నారు. మైకు కీచుమంటోంది. ఆ గోలలో అవతలి రోబో బరి మధ్యలో బిగుసుకుపోయింది. చక్రం కదల్లేదు. మొసలి మెల్లగా వచ్చి గీత దాటించింది.

రెండో ఆట కూడా అలాగే. అవతలిది ఆగిపోయింది, మొసలి ఆగలేదు.

"చూసినరా మేడం?" అన్నాడు విజేందర్ సార్ నా చెవిలో. చూస్తూనే ఉన్నాను. పదో నిబంధనను ఎవరో దొంగిలించారు. నా రిమోట్ సంకేతం తెలుసుకుని అవతలివాళ్లను ఆపేస్తున్నారు. మొసలికి మాత్రం గొట్టం ఉంది, దాని మీద పనిచేయదు. గొట్టం ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది.

మధ్యలో వేరే జట్ల ఆటలో కూడా రెండు రోబోలూ ఒకేసారి ఆగాయి. బ్యాటరీలు అయిపోయాయి. మళ్లీ ఆడించాం.

సెమీఫైనల్లో మొసలికీ మహబూబ్‌నగర్ వాళ్ల తుఫానుకూ పోటీ. తుఫాను నడిపే పిల్లవాడు గోపీకృష్ణ. పెద్దగా మాట్లాడడు, మర్యాద తెలిసిన పిల్లవాడు. తుఫాను మొసలిని అంచుదాకా నెట్టుకుపోయింది. ఇంకాస్త నెడితే పడిపోయేది. అప్పుడు ఆగింది.

విజిల్ ఊదాను. వర్షిత, సమీరా చేతులు బల్ల మీదే ఉన్నాయి. వర్షిత ఎడమ చేతి మీద నల్లగా ఏదో మరక. చెయ్యి కాకపోతే సంచి. సంచి తెమ్మన్నాను. అందరి ముందూ బల్ల మీద బోర్లించాను. దువ్వెన, టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవర్, మడిచిన చున్నీ. ఇంకేమీ లేదు.

ఏమీ లేకపోతే మాత్రం? కిటికీ దగ్గర వాడున్నాడు కదా.

మైకులో చెప్పాను. బయటి నుంచి సంకేతం పంపినందుకు నందికొండ జట్టును పోటీ నుంచి తొలగిస్తున్నాం.

"ఏ రూల్ మేడం?" అంది వర్షిత. ఏడవలేదు.

"పదోది."

ముస్తకీమ్ లోపలికి వచ్చాడు. "ఆపా, పిల్లలను గాదు. ఏమన్న అడిగేదుంటే నన్నడుగు."

"గీత అవతల ఉండు" అన్నాను, గుమ్మం దగ్గర గీసిన గీత చూపిస్తూ.

నన్నొకసారి చూసి గీత అవతలికి వెళ్లాడు. పిల్లలిద్దరూ సామాను సర్దుకున్నారు. సాగర్ బస్సుకు వెళ్లిపోయారు.

ప్రిన్సిపాల్ సార్ నా భుజం తట్టారు. "సొంత తమ్మున్నిగూడ ఇడువలే. శభాష్." చప్పట్లు కొట్టారు. నాకు కావాల్సింది అదే అనుకుంటాను.

అమ్మీ అన్నం పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

11 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం

ఇది కూడా ఉన్నదున్నట్టే రాస్తాను.

ఫైనల్ తుఫానుకూ మిర్యాలగూడ జట్టుకూ జరిగింది. నందికొండ వాళ్లు ఎవరూ లేరు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. రెండు రోబోలూ తల తలా ఢీకొని నెట్టుకుంటున్నాయి. హాలంతా లేచి నిలబడింది. మైకు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. వెంటనే కీచు తగ్గింది. ఆ క్షణంలోనే రెండు రోబోలూ ఆగిపోయాయి.

నా రిమోట్ బల్ల మీద ఉంది. నేను ముట్టలేదు.

ఎదురుగా సోఫాలో ప్రిన్సిపాల్ సార్ చెయ్యి ఇంకా చాచే ఉంది. బరి మీదుగా, టీవీ వైపు. చేతిలో టీవీ రిమోట్.

"సార్, సౌండ్ ఒక్కసారి పెంచి మళ్లీ తగ్గించండి" అన్నాను.

"ఎందుకమ్మా, నిన్నటి సంది గదే పని చేస్తున్న. గోల ఎక్కువైనప్పుడల్ల చెవులు పోతున్నయ్" అన్నారు.

రెండు రోబోలనూ మళ్లీ నడిపించాను. సార్ తగ్గించారు. రెండూ ఆగాయి. ఆ టీవీ, మా ఇంటి పాత టీవీ ఒకే కంపెనీవి. నేను ఆపడానికి పెట్టుకున్న బటన్, సార్ సౌండ్ తగ్గించిన బటన్ ఒకటే. మొసలి ఆటలు ఎక్కువసేపు సాగాయి, గోల ఎక్కువైంది, సార్ ఎక్కువసార్లు నొక్కారు. అంతే. గొట్టం వల్ల పక్క వెలుతురు దానిలో పడలేదు. ఎండకు పెట్టిన గొట్టం.

బ్యాటరీలు అని రాశాను నిన్న. పైన ఉంది, కొట్టేయను.

విజేందర్ సార్‌కు నాకంటే ముందే అర్థమైంది. నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, గిది మనకు తప్ప ఎవలికీ తెల్వది. వైరు లూజైందందాం. సార్ చేతుల నుంచి రిమోట్ తీసుకుందాం, ఫైనల్ అయిపోతది."

"నందికొండోళ్లు?"

"వాళ్లు వెళ్లిపోయిండ్రు గదా. ఇప్పుడు చెప్తే పోయినేడు మాటే మళ్ల లేస్తది. తమ్ముని కోసం ఫైనల్ ఆపింది అంటరు."

అంటారు. నిజంగా అదే అంటారు. ఈ నెలంతా నేను భయపడింది ఆ మాటకే. మోసం జరుగుతుందని ఒక్కరోజైనా భయపడ్డానా? పడి ఉంటే అందరి ప్రోగ్రాంలూ చూసేదాన్ని. అందరి సంచులూ చూసేదాన్ని.

మైకు తీసుకున్నాను. పదో నిబంధన రాసింది నేనని, దానికి ఇంటి రిమోట్ పెట్టింది నేనని, అవతలి రోబోలు ఆగింది అందువల్లేనని చెప్పాను. నందికొండ జట్టు ఏ మోసమూ చేయలేదు. వాళ్ల తొలగింపు చెల్లదు. మొసలి ఆడిన ఆటలూ, ఈ ఫైనలూ వచ్చే ఆదివారం మళ్లీ. నేను రిఫరీగా ఉండను.

ఎవరో వెనక నుంచి ఈల వేశారు. ప్రిన్సిపాల్ సార్ ఒళ్లో రిమోట్ పెట్టుకుని దాన్నే చూస్తున్నారు.

గోపీకృష్ణ నా దగ్గరికి వచ్చాడు. "అంటే మేం ఫైనల్‌ల లేమా మేడం?"

"మళ్ల ఆడాలె బేటా."

కాసేపు తుఫాను వైపు చూశాడు. "నిన్న ఇంకొంచెం అయితే దాన్ని పడేస్తుండె" అన్నాడు. "పదో రూల్ ఉంటదా మళ్ల?"

"ఉండది."

"అయితే వస్తం."

ముస్తకీమ్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. సాగర్ వెళుతున్నాను.

12 ఫిబ్రవరి

నిన్న పొద్దుగూకే వేళకు వర్షిత ఇల్లు వెతికి పట్టుకున్నాను. తల్లి పేరు బిక్షమ్మ. డ్యాం చూడవచ్చేవాళ్లకు చేపలు వేయించి అమ్ముతుంది. పొయ్యి ముందు నుంచి లేవలేదు. నేనెవరో చెప్పాను. జరిగింది చెప్పాను. తప్పు నాదే, మాఫ్ చేయమన్నాను.

చేప తిప్పి వేసింది. "నా బిడ్డ సంచి ఏడ ఇప్పినవ్?"

"హాలుల."

"ఎంతమంది ముంగట?"

"అందరి ముంగట."

"మరి మాఫీ గీడ, పొయ్యి కాడ చెప్తే ఎట్ల మేడం?"

"అక్కడ గూడ చెప్పిన అమ్మా. మైకుల చెప్పిన."

"నా బిడ్డ ఇన్నదా?"

లేదన్నాను.

వర్షిత గడపలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి చున్నీ కింద. తల్లి అటు చూడకుండానే అంది, "గా చెయ్యి ఎవలకూ చూపెట్టది. పోయిన వానకాలం నూనె గిన్నె ఒలికింది. బడిల పిల్లలు ఏదో అన్నరని ఎండల గూడ స్వెట్టర్ ఏసుకపోతది. బల్ల మీద పెట్టమంటివంట."

మరక అనుకున్నాను. అంత దగ్గర నుంచి చూశాను. మరక అనే రాశాను.

"ఆదివారం వస్తవా వర్షితా?" అన్నాను. "నువ్వుండంగ మళ్ల చెప్త. నువ్వు రాకున్నా చెప్త."

"సార్ వస్తే వస్త" అంది.

అక్కడి నుంచి ముస్తకీమ్ ఇంటికి వెళ్లాను. తలుపు తీశాడు, లోపలికి రమ్మనలేదు. మెట్ల మీదే చెప్పాను. అంతా విన్నాడు. గొట్టం సంగతి వచ్చినప్పుడు కూడా 'నేను చెప్పలేదా' అనలేదు.

"నన్ను అనుమానపడ్డవ్, మంచిది. నా అక్కవు, పడొచ్చు" అన్నాడు. "నాకు ఫోన్ చేసి, ముస్తకీమ్, నువ్వు చేసినవా అని ఒక్కపారి అడిగితే అయిపోతుండె. అడుగలే. పిల్లల సంచిల చెయ్యి పెట్టినవ్."

"అడిగితే నమ్ముతుంటినో లేదో."

అది నోరు జారి వచ్చింది. అయితే అబద్ధం కాదు.

"గది గూడ నాకు ఎర్కే" అన్నాడు. "ఆదివారం పిల్లలను తీసుకొస్త. నీ కోసం గాదు."

15 ఫిబ్రవరి

గ్రూపులో మళ్లీ పెట్టారు. విజేందర్ సార్ చెప్పినట్టే. ఈసారి తీసేయలేదు. నేను ఎవరు పెట్టారో చూడలేదు. చూశాను. రాయను.

18 ఫిబ్రవరి, ఆదివారం

హాలులో టీవీ తీసేశారు. పదో నిబంధన లేదు. చేతుల నిబంధన లేదు. టీచర్లు ఎక్కడైనా ఉండవచ్చు. విజిల్ నార్కట్‌పల్లి నుంచి వచ్చిన ఒక మేడం ఊదింది. ముస్తకీమ్ ఎవరో ఆమెకు తెలియదు, నేనెవరో కూడా సరిగా తెలియదు.

ఆట మొదలయ్యే ముందు మైకు అడిగాను. వర్షితనూ సమీరానూ నా పక్కన నిలబడమన్నాను. సమీరా వచ్చింది. వర్షిత కూర్చున్నచోటే ఉంది. బలవంతం చేయలేదు. ఆమె వైపు తిరిగి చెప్పాను. సంచి విప్పడం తప్పు. అడగకుండా దొంగ అనడం తప్పు. మాఫ్ చేయమని అడిగాను. హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే బాగుంది.

వర్షిత తల ఊపింది. సరే అన్నట్టా, విన్నాను అన్నట్టా, నాకు తెలియదు. దాన్ని గురించి ఊహలు అల్లను.

అమ్మీ వచ్చింది. కొడుకు పక్కన కూర్చుంది. నేను వెనక వరసలో కూర్చున్నాను.

మొసలి మొదటి రెండు ఆటలూ గెలిచింది. ఈసారి అవతలివి ఆగలేదు, కొట్లాడి ఓడాయి. తర్వాత తుఫాను. మొదటి పట్టు మొసలిదే, కిందికి దూరి తుఫానును ఎత్తి పడేసింది. రెండోది తుఫానుది. మూడోదానిలో రెండూ అంచు మీద చాలాసేపు పెనుగులాడాయి. చివరికి మొసలి వెనక చక్రం తెల్ల గీత దాటింది.

ఓడింది.

గోపీకృష్ణ చెయ్యి చాచాడు. వర్షిత చున్నీ కింద నుంచి చెయ్యి తీసి ఇచ్చింది, ఏ చెయ్యో నేను చూడలేదు. ఇద్దరూ అక్కడే కింద కూర్చుని మొసలిని బోర్లా తిప్పి చక్రం ఎందుకు జారిందని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పక్కన ఫైనల్‌కు పిలుస్తున్నా లేవలేదు.

సాయంత్రం బస్టాండు దాకా వెళ్లాను. దూరంగానే నిలబడ్డాను. పిల్లలు బస్సెక్కారు. ముస్తకీమ్ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"రంజాన్ మొదటి రోజు ఇఫ్తార్‌కు వస్త. అమ్మీకి చెప్పు" అన్నాడు.

బస్సు కదిలింది.

ఇంటికి వచ్చి అమ్మీకి చెప్పాను. "గీ మాట నీతోనే చెప్పిండా?" అంది. అవునన్నాను. వంటింట్లోకి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి అడిగింది. మళ్లీ అవునన్నాను.